లీడరు పని మీద పడ్డాక: పొదుపు సంఘం నడుపుతూ ఎదగడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళల్లో సంఘానికి లీడరును ఎన్నుకునే తీరు దాదాపు ఒకటే. ఎవరికి కాస్త చదువొచ్చో, ఎవరింట్లో బ్యాంకు దాకా దింపే బండి ఉందో, ఎవరు "నాకొద్దు" అని గట్టిగా అనలేకపోయారో, వాళ్ళ పేరు రాసేస్తారు. అలా పేరు రాయించుకున్నవాళ్ళ కోసమే ఇది.

పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు పథకం 2000లో మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న ఆరు జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఈ మహిళా సంఘాలకి డ్వాక్రా అన్న పేరైతే అంతకన్నా పాతది, 1980ల నాటిది. అత్తగారు లీడరుగా చేసిన సంఘంలో ఇప్పుడు కోడలు లీడరు అయిన ఊళ్ళున్నాయి. అయినా లీడరు పని ఎలా నేర్చుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. పుస్తకాలు రాయడం నేర్పుతారు. నలుగురిలో గొంతు విప్పడం, మొహమాటం లేకుండా కాదనడం, ఎదుటివాళ్ళు పూర్తిగా చెప్పేదాకా ఆగడం, తన పనిని ఇంకొకరికి నేర్పి ఇచ్చేయడం మాత్రం ఎవరికి వాళ్ళు కిందా మీదా పడి నేర్చుకోవలసిందే.

కింద రాసినవన్నీ ఒక్క కొలత పెట్టుకుని రాసినవి. మీరు పుట్టింటికి వెళ్ళిన నెలలో కూడా మీటింగు అదే రోజున, అదే వేళకి, రూపాయి తేడా రాకుండా జరగాలి. జరిగితే మీరు లీడరుగా ఎదిగినట్టు. మీరు లేరని మీటింగు మానేస్తే, ఎంత కష్టపడుతున్నా ఇంకా నేర్చుకోవలసింది ఉన్నట్టు.

మొదటి పది రోజులు: సంచి తీసుకోవడం

పాత లీడరు దగ్గర నుంచి పుస్తకాలూ డబ్బూ ఉండే సంచి తీసుకోవడం దగ్గరే సగం మంది తప్పటడుగు వేస్తారు. ఆవిడ వరసకి అప్పో (అక్కని ఇక్కడ అలా పిలుస్తారు), వదినో, పిన్నో అవుతుంది. "లెక్క చూపించు" అంటే అనుమానించినట్టు ఉంటుందని సంచి అలాగే పట్టుకొచ్చేస్తారు. ఆర్నెల్లు పోయాక తేడా బయటపడితే అది ఎవరి హయాములో వచ్చిందో చెప్పే ఆధారం ఉండదు. మాట మీ మీదకే వస్తుంది.

అడిగే పద్ధతిలోనే ఉంది కిటుకు. తప్పు పట్టినట్టు కాకుండా నేర్చుకుంటున్నట్టు అడగాలి: "అప్పా, నాకీ లెక్కలు కొత్త. రేపు భోజనాలయ్యాక ఓ గంట కూర్చుని పేజీ పేజీ చెప్పవా? రెండో లీడరును కూడా రమ్మంటాను." ఇలా అంటే కాదనేవాళ్ళు అరుదు. కాదన్నారంటే మాత్రం జాగ్రత్త పడండి.

కూర్చున్నాక ఈ వరుసలో చూడండి.

1. బ్యాంకు పాసుపుస్తకం ముందు రోజే ప్రింటు వేయించి తెచ్చుకోండి. పాత ప్రింటు పట్టుకుని లెక్క మొదలుపెట్టొద్దు.

2. చేతి నిల్వ ఎంతని పుస్తకంలో ఉందో, అంత డబ్బు అందరి ఎదుట లెక్కపెట్టించండి.

3. ఒక్కో సభ్యురాలి పాసుపుస్తకం తెప్పించి, అందులోని పొదుపు, అప్పు బాకీ, లెడ్జరులో ఆమె పేరు మీద ఉన్న అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడండి. సంఘంలో పది నుంచి పదిహేను మంది ఉంటారు కాబట్టి రెండు గంటల్లో తేలిపోతుంది. తేడాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే.

4. గ్రామ సంఘానికి (ఊళ్ళో సంఘాలన్నీ కలిసినది), స్త్రీనిధికి (సంఘాలకి అప్పులిచ్చే సహకార సంస్థ), బ్యాంకుకి కట్టవలసిన బాకీలు మూడూ విడివిడిగా రాయండి. మూడింటినీ కలిపి "లోను" అనే ఒకే మాటతో పిలవడం మన ఊళ్ళల్లో అలవాటు. ఏ వాయిదా దేనికో తెలియకుండా పోవడానికి ఆ అలవాటే కారణం.

5. చివర తీర్మానాల పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, నిల్వలన్నీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. తేడా ఉంటే దాన్ని కూడా రాయండి. "రూ. 640 తేడా ఉన్నది, వచ్చే సమావేశంలో చూడవలెను" అని ఒక్క వాక్యం చాలు. తేడా సరిచేసేదాకా సంచి తీసుకోనని పట్టుబట్టక్కర్లేదు, తేడా లేనట్టు సంతకం మాత్రం పెట్టొద్దు.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. బ్యాంకు ఖాతాకి ఇచ్చిన ఫోను నంబరు ఎవరిది? చాలా సంఘాల్లో అది పాత లీడరు కొడుకుదో, సంఘాల లెక్కలు చూసే యానిమేటరుదో అయి ఉంటుంది. సంఘం డబ్బు కదిలినప్పుడు మెసేజి వాళ్ళకి వెళ్తుంది, మీకు రాదు. సంతకాలు మార్పించడానికి వెళ్ళిన రోజునే ఆ నంబరు కూడా మార్పించండి. ఫోను వచ్చి ఓటీపీ చెప్పమంటే, అడిగినవాళ్ళు బ్యాంకు పేరు చెప్పినా, వెలుగు ఆఫీసు పేరు చెప్పినా చెప్పొద్దు.

మీటింగు: మీరు ఆఖర్న మాట్లాడండి

ముందు వేళ సంగతి. మీకు వీలైన వేళ కాదు, ఆలస్యంగా ఇల్లు చేరే సభ్యురాలికి వీలైన వేళ పెట్టాలి. ఊడుపుల రోజుల్లో పొద్దున్నే పొలంలో దిగినవాళ్ళు చీకటి పడేదాకా రారు. ఎండాకాలం ఉపాధి పనికి తెల్లారకుండా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. పలాస వైపు జీడి పని ఉన్న ఊళ్ళల్లో ఆ బట్టీల వేళల్ని బట్టి చూసుకోవాలి. కాబట్టి రోజు మార్చకండి, వేళ మాత్రం కాలాన్ని బట్టి ఏడాదికి రెండు మూడు సార్లు మార్చుకోండి. "ప్రతి నెలా 5వ తారీఖు" అన్నది ఏడాదంతా కదలకూడదు. అమ్మవారి సంబరమో సంక్రాంతో అడ్డం వస్తే నెల ముందే తీర్మానం రాసి జరపండి, ఆ రోజు పొద్దున ఇంటింటికీ తిరిగి చెప్పడం కాదు.

గుండ్రంగా కూర్చోండి. మీరు కుర్చీలో, మిగతావాళ్ళు చాప మీద అయితే ఎంత మంచిగా మాట్లాడినా అది మీటింగు కాదు, పంచాయితీ. అందరూ చాప మీదే. సంచి మధ్యలో ఉండాలి, మీ ఒళ్ళో కాదు.

ఇక మాట్లాడడం. కొత్త లీడర్లు దాదాపు అందరూ మీటింగు మొదలుకాగానే సంగతి చెప్పి, తమ అభిప్రాయం కూడా చెప్పేసి, "ఏటంటారు?" అని అడుగుతారు. అప్పటికే జవాబు చెప్పేశారు కాబట్టి "నువ్వెలగంటే అలగే" అంటారు అందరూ. ఒప్పుకున్నారనుకుని మీరు తీర్మానం రాస్తారు. బయటికొచ్చాక కుళాయి దగ్గర అసలు మీటింగు జరుగుతుంది.

దీనికి మందు ఇది. సంగతిని రెండు మూడు వాక్యాల్లో చెప్పండి, అంకెలతో. మీ అభిప్రాయం చెప్పొద్దు. ఆ మధ్యనే చేరిన సభ్యురాలితో మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. "మీరేమంటారు" అని కాకుండా జవాబు ఉన్న ప్రశ్న అడగండి: "ఈ లోను నీకు ఇప్పుడొస్తే మంచిదా, పంట చేతికొచ్చాక వస్తే మంచిదా?" ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. పది లెక్కపెట్టేంత మౌనం చాలా ఇబ్బందిగా ఉంటుంది, రెండో అంకెకే నోరు తెరవాలనిపిస్తుంది. లీడరుకి కావలసిన అభ్యాసాల్లో నా లెక్కన ఇదే అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా పనికొచ్చేదీ ఇదే.

అత్తా కోడళ్ళు ఒకే సంఘంలో ఉంటే సంగతి వేరు. అత్త పక్కన కూర్చున్న కోడలు నోరు విప్పదు. విప్పితే అత్త మాటే తిరిగి చెప్తుంది. అక్కడ బలవంతం చేస్తే ఇంటికెళ్ళాక ఆమెకే కష్టం. మీటింగుకి ముందు బావి దగ్గరో, రేషను దగ్గరో కలిసినప్పుడు అడిగి తెలుసుకోండి. మీటింగులో మాత్రం "కొంతమందికి ఇలా ఉంది" అని పేరు చెప్పకుండా పెట్టండి. అప్పు ఎవరికి ముందన్నది లాంటి చిక్కు విషయాలకి చీటీలు వేయించండి. రాయడం రానివాళ్ళకి చింతపిక్క, గులకరాయి చాలు: పిక్క అంటే అవును, రాయి అంటే కాదు, గుడ్డ సంచిలో వేస్తారు.

డబ్బు లెక్క ఎప్పుడూ గట్టిగా, అందరికీ వినబడేలా చేయండి. తీసుకున్నవాళ్ళు ఒకరు, లెక్కపెట్టేవాళ్ళు ఇంకొకరు, రాసేవాళ్ళు మరొకరు. మూడూ మీరే చేస్తే తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ తొందరే తర్వాత "లీడరు తినేసింది" అన్న మాటకి తావిస్తుంది. మీరు నిజాయతీగా ఉన్నారా లేదా అన్నది ఊరికి కనబడదు. ముగ్గురి చేతులు మారడం కనబడుతుంది.

మీటింగు ముగిసేముందు లెక్క ఇలా చదివి వినిపించాలి. ఉదాహరణకి, 12 మందిలో 11 మంది వచ్చిన నెల:

గత నెల చేతి నిల్వ 340. పొదుపు 11 మందికి 200 చొప్పున 2,200. అప్పుల అసలు 4,000. వడ్డీ 360. జరిమానా 20. మొత్తం 6,920. ఈ రోజు ఇచ్చిన అప్పు 5,000. పుస్తకం ఖరీదు 40. బ్యాంకులో వేయవలసింది 1,700. మొత్తం ఖర్చు 6,740. చేతిలో మిగిలింది 180.

ఆ 180 రూపాయలు అందరి ముందు పెట్టి చూపించాకే పుస్తకం మూయండి. రాని సభ్యురాలి 200 మీ జేబులోంచి వేసి "12 మంది" అని రాయొద్దు. ఎందుకొద్దో తర్వాత చెప్తాను. బ్యాంకులో వేయవలసిన డబ్బు మర్నాడే వేయండి. ఇంట్లో మూడు రోజులుంటే నాలుగో రోజు ఎవరికో మందులకి అవసరం పడుతుంది, మీరు కాదనలేరు.

లెక్క మీద పట్టు

పదో తరగతి తప్పినా ఫర్వాలేదు గాని ఈ ఒక్క లెక్క మాత్రం మీకు నోటికి రావాలి. సంఘంలో అంతర్గత అప్పు, అంటే సంఘం సొంత డబ్బులోంచి ఇచ్చేది, నెలకి నూటికి రూపాయి వడ్డీకి ఇస్తారనుకుందాం. ఒకావిడ 10,000 తీసుకుని నెలకి 1,000 అసలు చొప్పున పది నెలల్లో తీరుస్తుంది. మొదటి నెల వడ్డీ 100. రెండో నెల బాకీ 9,000 కాబట్టి వడ్డీ 90. మూడో నెల 80. అలా తగ్గుతూ ఆఖరి నెల 10. పది నెలల మొత్తం వడ్డీ 550.

చాలా సంఘాల్లో తేలిక కోసం ప్రతి నెలా 100 చొప్పునే తీసుకుంటారు. అంటే 1,000. పేరుకి రూపాయి వడ్డీ, నిజానికి దాదాపు రెట్టింపు. ఎవరూ మోసం చేయడం లేదు, లెక్క చేసుకోకపోవడమే. "మీ వడ్డీ బాకీ మీద తగ్గుతుంది, ఈ నెల ఇంతే" అని లీడరు చెప్పగలిగిన రోజు నుంచి సభ్యులు ఆవిడని చూసే చూపు మారుతుంది. సెల్‌ఫోనులో క్యాలిక్యులేటరు ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ ఎదురుగా కూర్చుని కళ్ళల్లోకి చూస్తూ చెప్పిన అంకెకి ఉన్న బరువు, ఫోను చూసి చదివిన అంకెకి ఉండదు.

రాత్రి పూట వంటయ్యాక పది నిమిషాలు, ఒక్కో సభ్యురాలి బాకీ తీసుకుని వచ్చే నెల వడ్డీ ఎంతో పైకి చెప్పుకోండి. తర్వాత పుస్తకంతో సరిచూసుకోండి. నెల తిరిగేసరికి పన్నెండు మంది లెక్కలూ మీ నాలుక మీద ఉంటాయి.

వాయిదా కట్టనివాళ్ళతో

ఇక్కడే మనిషి నలుగుతుంది. అడిగితే బంధుత్వం చెడుతుంది, అడక్కపోతే సంఘం చెడుతుంది.

వాయిదా తప్పిన మూడు రోజుల్లోపు వాళ్ళింటికి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి. ఇద్దరు కలిసి వెళ్తే వసూలుకి వచ్చినట్టుంటుంది, వీధి అరుగుల మీదవాళ్ళంతా చూస్తారు. భోజనాల వేళా, ఇంటాయన తాగి వచ్చే వేళా తప్పించండి. కూర్చున్నాక ముందు ఇంటి సంగతులు, తర్వాతే డబ్బు సంగతి. మాట ఇలా నడవాలి:

"మొన్న రాలేదేటే, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నానప్పా. ఈ నెల నాను కట్నేను. చెన్నై నుంచి ఆయన డబ్బులు ఏయలేదు."

"ఎప్పుడేస్తానన్నాడు?"

"పదో తారీఖు అన్నాడు గాని నమ్మకం లేదు."

"సర్లే. ఇంకా ఎక్కడైనా కట్టేవి ఉన్నాయా?"

ఆ ఆఖరి ప్రశ్నే అసలు ప్రశ్న. వారం వారం వచ్చే ఫైనాన్సువాళ్ళకి కడుతున్నారేమో తెలుసుకోవాలి. వాళ్ళు గుమ్మం ముందు కూర్చుంటారు, సంఘం కూర్చోదు. కాబట్టి ఉన్న డబ్బు ముందు వాళ్ళకే వెళ్తుంది. ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళ మీద 2010లో రాష్ట్రంలో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చిందంటే ఆ ఒత్తిడి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. సమాధానం విన్నాక మొహం చిట్లించకండి. ఇంకోసారి మీకు నిజం చెప్పరు.

ఇప్పుడు మీకు తెలియవలసింది ఒక్కటే: ఆమె కట్టలేకపోతోందా, కట్టడం లేదా. కట్టలేనివాళ్ళకి దారులున్నాయి. ఈ నెల వడ్డీ మాత్రమే కట్టించుకోవడం, సగం వాయిదా కట్టించుకోవడం, రెండు నెలలు గడువివ్వడం. ఏదైనా మీ మాట మీద కాదు, సంఘం తీర్మానం మీద. కట్టగలిగీ కట్టనివాళ్ళ విషయం మీటింగులో పెట్టాలి, అదీ పేరు పెట్టి తిట్టడం కాదు: "మూడు వాయిదాలు ఆగాయి, బ్యాంకు వడ్డీ మనందరి మీదా పడుతోంది, ఏం చేద్దాం?" అని అందరినీ అడగాలి.

చేయకూడనివి రెండు.

మీ డబ్బుతో ఆమె వాయిదా కట్టేయడం మొదటిది. దయతోనే చేస్తారు. పుస్తకంలో ఆమె కట్టినట్టు పడుతుంది, మీకు ఆమె బాకీ ఉన్నట్టు ఎక్కడా ఉండదు. రెండు నెలల తర్వాత మీరు అడిగితే "నాను కట్టీసినాను కదా, పుస్తకంలో ఉంది" అంటుంది. ఆమె అబద్ధం ఆడుతున్నట్టు కూడా కాదు, కాగితం అలా చెప్తోంది. మిగతావాళ్ళు కూడా వాయిదా తప్పితే లీడరు కడుతుందని నేర్చుకుంటారు.

రెండోది, పాత బాకీ మీద కొత్త అప్పు రాసి పాతది తీరినట్టు చూపించడం. సంఘానికి ఇచ్చే గ్రేడు బాగుంటుందని పక్కవాళ్ళే సలహా ఇవ్వొచ్చు. లెడ్జరు శుభ్రంగా కనబడుతుంది, అప్పు మాత్రం లావెక్కుతుంది.

అసలు వాయిదాలు తప్పకుండా ఉండాలంటే అప్పు ఇచ్చేనాడే ఆలోచించాలి. పన్నెండు నెలలూ సమానంగా కట్టగలిగేది నెల జీతం ఉన్నవాళ్ళే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. వేట మీద బతికే ఇంటి ఆడమనిషికి ఆ రెండు నెలల్లో నిండు వాయిదా పెట్టడమంటే తప్పమని మనమే చెప్పినట్టు. జీడితోటలున్నవాళ్ళకి ఎండాకాలంలో డబ్బు కనిపిస్తుంది, వరి రైతులకి సంక్రాంతి ముందూ వెనకా. జూన్‌లో అందరికీ ఇబ్బందే, బడి పుస్తకాలు, ఫీజులు. అంతర్గత అప్పులకి వాయిదాల పట్టీ సంఘం చేతిలోనే ఉంది కాబట్టి, ఒక్కో ఇంటికీ డబ్బొచ్చే నెలలు అడిగి ఆ నెలల్లో ఎక్కువ, మిగతా నెలల్లో వడ్డీ మాత్రం పెట్టండి. ఏ ఇంటికి ఏ నెలలో డబ్బొస్తుందో పన్నెండు గడులు గీసి మీ దగ్గర ఉంచుకోండి. సంఘం సంగతి లీడరుకి తెలియడం అంటే అదే.

బ్యాంకు గుమ్మం దగ్గర

బ్యాంకుకి భర్తో, కొడుకో వెళ్ళి మాట్లాడి రావడం, లీడరు బయట చెట్టు కింద కూర్చుని సంతకం పెట్టడం ఇప్పటికీ ఉంది. బండి మీద దింపమనండి, తప్పులేదు. లోపలికి మాత్రం మీరూ, రెండో లీడరూ వెళ్ళండి. మొదటి మూడు సార్లు కాళ్ళు వణుకుతాయి, మేనేజరు మగాళ్ళెవరైనా వచ్చారా అని అటూ ఇటూ చూడొచ్చు. నాలుగోసారికి మీ సంఘం పేరు ఆయనకి గుర్తుంటుంది.

వెళ్ళేముందు ఈ ఆరు ముక్కలు కాగితం మీద రాసుకోండి: సంఘం పేరు, ఖాతా నంబరు, పొదుపు మొత్తం, ఇప్పటికి బాకీ, ఎన్ని వాయిదాలు తప్పాయి, ఏం కావాలి. గుమ్మం దాటేముందు ఒకసారి పైకి చదువుకోండి. "అయ్యా, మేము డ్వాక్రా వాళ్ళం, లోను గురించి" అని ఆగిపోతే కూర్చోమంటారు, మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారు. "ఫలానా సంఘం, ఇరవై నెలలుగా ఒక్క వాయిదా తప్పలేదు, రెండో లోనుకి కాగితాలు తెచ్చాం" అంటే పని కదులుతుంది.

ఒక నియమం తెలిసి ఉంటే ధైర్యం. సంఘాలకి 10 లక్షల దాకా ఇచ్చే అప్పుకి తాకట్టు అడగకూడదనీ, సంఘం పొదుపు ఖాతాలో డబ్బు ఆపి ఉంచకూడదనీ రిజర్వు బ్యాంకు చెప్పింది. ఎవరైనా డిపాజిట్ వేస్తేనే లోనంటే గొడవ పడకండి. "అలాగైతే కాగితం మీద రాసివ్వండి సార్, గ్రామ సంఘంలో చూపించాలి" అని నెమ్మదిగా అడగండి. రాసిచ్చేవాళ్ళు ఉండరు, చాలాసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది.

ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ఎవరికోసమూ సంతకం పెట్టొద్దు. "మళ్ళీ మళ్ళీ రాలేవు కదమ్మా, రెండు పెట్టి పో" అన్నది సాయంలాగే వినబడుతుంది. వేలిముద్ర మిషను దగ్గర కూడా ఒకసారి పడలేదని రెండోసారి వేయమంటే, మొదటిదాని చీటీ చూపించమని అడిగాకే వేయండి.

ఖర్చుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఆటో, జిరాక్సు, టీ మీ చేతి నుంచి పెట్టుకుంటూ పోతే ఏదో ఒక నెల విసుగొచ్చి లోను వచ్చిన రోజున తలకి వంద వసూలు చేస్తారు. ఊళ్ళో అది లంచం కింద లెక్క. దీనికన్నా ట్రిప్పుకి ఇంత అని మొదట్లోనే తీర్మానం చేసి, రాసి, తీసుకోవడం మేలు.

మీ కోసం ఒక చిన్న పుస్తకం

సంఘం పుస్తకాలు అయిదు. ఆరోది మీది, ఎవరికీ చూపించనిది. మీటింగు అయిన రాత్రి అందులో మూడే రాయండి. ఈ రోజు అసలు మాట్లాడనివాళ్ళెవరు. నేను ఎవరి మాట మధ్యలో తుంచేశాను. ఇంకొకరు చేయగల పని ఏది నేనే చేసేశాను.

తిట్లు, పొగడ్తలు, మొగుడి మీద కోపాలు అందులో రాయొద్దు, అది వేరే పుస్తకం. నాలుగు నెలలయ్యాక మొదటి ప్రశ్న జవాబులు తిరగేయండి. అదే పేరు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. వచ్చే మీటింగుకి ముందు ఆ ఇంటికి వెళ్ళాలని అర్థం. మూడో ప్రశ్నకి జవాబు నెల నెలా పొట్టిదవుతుంటే మీరు సరైన దారిలో ఉన్నారు.

గొంతు సంగతి. గ్రామ సంఘం మీటింగులో, మండల సమాఖ్యలో మాట్లాడడానికి లేచేసరికి నోరు ఎండిపోతుంది. మన యాస విని నవ్వుతారేమోనన్న బెరుకు కూడా కలుస్తుంది. యాస మార్చుకోవక్కర్లేదు. మొదటి వాక్యం మాత్రం ముందే కంఠస్థం చేసుకోండి, అది అంకెతో మొదలవ్వాలి: "మా సంఘంలో పన్నెండు మందిలో ముగ్గురికి పాసుపుస్తకాలు లేవు." అంకెతో మొదలైతే గొంతు నిలబడుతుంది, వినేవాళ్ళూ తలెత్తుతారు. రెండు నిమిషాలు దాటొద్దు. ఒక్కసారికి ఒక్క సంగతే.

అప్పగింత ఆరో నెల నుంచే

రెండేళ్ళకోసారి లీడర్లు మారాలన్న నియమం పుస్తకంలో ఉంటుంది, ఊళ్ళల్లో పదిహేనేళ్ళుగా ఒక్కరే లీడరు. "ఇంకెవరికీ రాదు" అంటారు. రాదు, ఎందుకంటే ఎవరికీ నేర్పలేదు. ఇందులో కొంత కష్టం ఉంది, కొంత ఆ పిలుపు మీద ఇష్టం కూడా ఉంది. ఆ ఇష్టాన్ని ఒప్పుకుంటేనే పని ముందుకెళ్తుంది.

ఆరో నెల నుంచి ఒక్కో పనీ ఒక్కొక్కరికి ఇవ్వడం మొదలుపెట్టండి. హాజరు తీయడం ఒకరికి, డబ్బు లెక్కపెట్టడం ఇంకొకరికి, బ్యాంకులో వేసి రావడం ఇద్దరేసి చొప్పున వంతుల వారీగా. నేర్పేటప్పుడు మూడు నెలల పద్ధతి పెట్టుకోండి: మొదటి నెల మీరు చేస్తుంటే ఆమె చూస్తుంది, రెండో నెల ఆమె చేస్తుంటే మీరు పక్కన ఉంటారు, మూడో నెల మీరు గుండ్రంలో అటు చివర కూర్చుంటారు. మూడో నెలలో ఆమె తప్పు రాస్తుంది. పెన్ను లాక్కోవద్దు. అంకె కలవక ఆమే వెతుక్కోవాలి. అరగంట ఆలస్యమవుతుంది, కొంతమంది గొణుగుతారు, ఫర్వాలేదు.

ఏడాది తిరిగాక ఒక నెల కావాలనే మీటింగుకి వెళ్ళకండి. ముందుగా చెప్పి, మీ పొదుపు రెండో లీడరు చేతికిచ్చి, ఊరు వెళ్ళిపోండి. ఫోను చేయొద్దు. వచ్చాక పుస్తకం చూడండి. మీటింగు జరగకపోతే ఎక్కడ ఆగిందో అడగండి: తాళం మీ దగ్గర ఉండిపోయిందా, వడ్డీ లెక్క కట్టేవాళ్ళు లేరా, ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారా. వచ్చే మూడు నెలలు ఆ ఒక్కదాని మీదే పని చేసి, మళ్ళీ ఒక నెల మానేయండి.

రెండేళ్ళు నిండాక సంచి ఇచ్చే రోజున, మీరు తీసుకున్నప్పుడు చూసిన అయిదూ వాళ్ళకి మీరే చూపించండి, అడిగేదాకా ఆగొద్దు. బ్యాంకులో సంతకాలూ, ఫోను నంబరూ మార్పించాకే అప్పగింత పూర్తయినట్టు. ఎవరింటికి ఏ నెలలో డబ్బొస్తుందో గీసుకున్న ఆ పన్నెండు గడుల కాగితం కూడా ఇచ్చేయండి. మీ ఆరో పుస్తకం మాత్రం ఇవ్వకండి. కొత్త లీడరు మొదటి మూడు మీటింగుల్లో మీ వైపు చూసి "ఏటి చెయ్యాలప్పా?" అని అడుగుతుంది. జవాబు తెలిసినా "నువ్వేటనుకుంటున్నావు?" అని తిరిగి అడిగి, పది లెక్కపెట్టండి.